చుక్కలకు హాజరుపట్టీ

రాగి కాగు కింద కట్టెలు పెట్టి వేన్నీళ్లు కాచుకున్న రోజుల్లో, కాగు యెక్కడ కారుతున్నదో కంటికి కనిపించేది. ఇప్పుడు మన బెంగుళూరు యిండ్లలో గీజరు గోడకెక్కింది. లోపలి ట్యాంకును పైతొడుగు కప్పేసింది. చుక్క పుట్టేదొక చోట, రాలేదొక చోట. అందుచేత “గీజరు సోరుతిదె” అనగానే కొత్తది కొనడమో, కింద చెంబు పెట్టి వూరుకోవడమో చేస్తాము. మొదటిది డబ్బుకు చేటు. రెండవది ప్రాణానికే చేటు కావచ్చు. నీరూ కరెంటూ ఒకే గూటిలో కాపురముంటున్నవి గదా!

మొన్నటి చలికాలంలో మా 15 లీటర్ల గీజరు కారసాగింది. తెల్లవారుజామున అందరికంటె ముందు స్నానం చేసేది మా అమ్మ. చూడవచ్చిన మెకానిక్కు కిందనుంచే తలెత్తి “ట్యాంకు పోయింది సార్” అన్నాడు. గుమాస్తా సంసారానికి అది చిన్న మాట కాదు. మేము వెంటనే తల వూపలేదు. బోర్డులో గీజరు ఎం.సి.బి. దించి, అమ్మకు పొయ్యిమీద నీళ్లు కాచాము. పైపులూ తొడుగూ పొడిబట్టతో తుడిచి, ఆఫీసు హాజరుపట్టీ వలె చుక్కలకూ ఒక కాగితం పెట్టాము: యే వేళ, యే చోటు, యెన్ని చుక్కలు.

నీళ్లు కాగేటప్పుడు మాత్రమే సేఫ్టీ వాల్వునుంచి కొద్దిగా కారితే చాలావరకు భయం లేదు. 25 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు కాగితే, 15 లీటర్లకు సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. వెనక్కు పోయే దారి లేకపోతే అది వాల్వుగుండానే బయటపడాలి. దానికి బిరడా కొడదామన్నాడు మా చిన్నవాడు. కూడదన్నాము. థర్మోస్టాటు చెడిననాడు ఆవిరికీ ఒత్తిడికీ అదొక్కటే తలుపు.

మా పట్టీలో రాత్రంతా, కరెంటు లేకున్నా చుక్కలున్నవి. పైపు బిగింపులు పొడిగానే వున్నవి. వాల్వూ పొడిగానే వున్నది. తడి అంతా అడుగున, వైర్లు చేరే మూతచుట్టూ. మెకానిక్కును మళ్లీ పిలిచి కాగితం చూపాము. అతడు మూత విప్పాడు. ఎలిమెంటు దగ్గరి రబ్బరు వాషరు యెండి బీటలిచ్చింది. ట్యాంకు నిక్షేపంలా వున్నది. తుప్పు తనమీద వేసుకొని ట్యాంకును కాచే మెగ్నీషియం కడ్డీ మాత్రం పుల్లలా మిగిలింది. రెండూ మార్చి, బోరునీళ్ల సున్నపు గార గీకి, అతడే నవ్వుతూ “పట్టీ బాగుంది సార్, నాకూ నేర్పండి” అన్నాడు.

ట్యాంకే చిల్లిపడితే మాత్రం అతుకులు పనికిరావు, మార్చవలసిందే. కాని ఆ తీర్పుకు ముందు సాక్ష్యం వినాలి. సోదరీమణులారా, మీ యింట గీజరు కారితే మొదట కరెంటు తీయండి, తరువాత తుడవండి, ఆపైన ఒక పూట ఓపికగా చూడండి. మూత విప్పే పని మాత్రం తెలిసినవారికే వదలండి.