వెచ్చదనం వచ్చాక

పుట్టే సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందని బిడ్డను కొన్ని ఆసుపత్రుల్లో 6 గంటల్లోపే చల్లబరచడం మొదలుపెట్టి, 72 గంటలు 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. తర్వాత గంటకు అర డిగ్రీ చొప్పున మెల్లగా వెచ్చబరుస్తారు. అప్పుడూ ఫిట్స్ రావచ్చు, బీపీ పడిపోవచ్చు. అందుకే తొందరపడరు.

రెండవ రాజులు 4వ అధ్యాయం చూడండి. షూనేమీయురాలి కుమారునికి మొదట ఒళ్లు వెచ్చబడింది. కళ్లు తెరిచింది తర్వాత. ఆ మధ్యలో ఎలీషా ఇంట్లో ఇటూ అటూ నడిచాడు, మళ్లీ బిడ్డ మీద వంగాడు.

అలాంటి తల్లిదండ్రులను "ఇక బాగైనట్టేనా?" అని అడగకండి. డాక్టర్లు కూడా అప్పుడే చెప్పలేరు. క్యారేజీ పట్టుకెళ్లండి, పక్కన కూర్చోండి, ప్రార్థించండి. ఫలితం ఏదైనా ఆ ఇంటిని విడువకండి. ఆమేన్.