సంతకం సరిపోని చోట

2009 జనవరిలో నేను ఓ పత్రికలో ఇంటర్నేషనల్ డెస్క్‌లో ఉన్నాను. ఒబామా ప్రమాణం చేసిన రెండు రోజులకే, 22న, గ్వాంటనామో జైలును ఏడాదిలోగా మూసెయ్యాలన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఆ వార్త ఫొటోతో సహా మొదటి పేజీకెక్కింది. మర్నాడు పాకిస్తాన్‌లోని వజీరిస్తాన్‌లో రెండు చోట్ల అమెరికా డ్రోన్లు క్షిపణులు వదిలాయి. సామాన్యులూ చనిపోయారు. దానికి లోపలి పేజీలో సింగిల్ కాలమ్ దక్కింది. "ఈ రెండూ ఒకే మనిషి చేసినవా?" అని ప్రూఫులు దిద్దే పెద్దాయన అడిగారు. ఎవరమూ బదులు చెప్పలేదు. ఎడిషన్ టైము దాటిపోతోంది.

మాట ఒకటి, చేత ఒకటి. నాయకుల గురించి మనం ఎప్పుడూ చేతికందేలా ఉంచుకునే జవాబు ఇదే. ఒబామా విషయంలో మాత్రం అది అతకదు. ఇరాక్ నుంచి బయటపడతాననీ, అఫ్ఘానిస్తాన్‌లో గట్టిగా పోరాడతాననీ, అవసరమైతే పాకిస్తాన్ గడ్డమీదా దాడి చేస్తాననీ ఎన్నికలకు ముందే చెప్పారు. మనలో చాలామందిమి మొదటి ముక్కే విన్నాం.

మరి జైలు ఎందుకు మూతపడలేదు? ఫిబ్రవరిలో అఫ్ఘానిస్తాన్‌కు 17 వేల మంది సైనికులను అదనంగా పంపడానికి ఆయన ఆమోదం చాలింది. ఇంకా సైన్యం కావాలన్న కమాండర్ల కోరిక అంతకుముందు అధ్యక్షుడు బుష్ హయాం నుంచి బల్లమీద ఉన్నదే. రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ కూడా బుష్ నియమించినవారే. జైలు మూయడానికి మాత్రం కాంగ్రెస్ డబ్బివ్వాలి. మే 20న సెనేట్ 90–6 ఓట్లతో ఆ నిధులు ఆపేసింది. ఆ తొంభై మందిలో ఆయన పార్టీవాళ్లకూ కొదవలేదు. దౌడు మీదున్న బండిని ఇంకా ఉరికించడానికి ఒక్క అదిలింపు చాలు. ఆపాలంటే పగ్గాలన్నీ చేతిలో ఉండాలి. డిసెంబరు 1న మరో 30 వేల మందిని పంపుతున్నట్టు ప్రకటించారు. అదే నెల 10న ఓస్లోలో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. 2017లో ఆయన దిగిపోయేనాటికి గ్వాంటనామోలో ఇంకా 41 మంది ఖైదీలున్నారు.

ఇదంతా ఆయన తరఫున సాకులు వెతకడమేనా అన్న సందేహం నాకూ కలిగింది. జైలు విషయంలో కొంతవరకు అవునేమో. డ్రోన్ల విషయంలో ఏ సాకూ నిలవదు. అక్కడ ఆయన చేయి పట్టుకున్నవారు లేరు. బుష్ మొదలుపెట్టిన ఆ దాడులను అంతకు ఎన్నో రెట్లు పెంచింది ఆయనే.

అమెరికాకు కొత్త అధ్యక్షుడు వచ్చాడనగానే మన ఇళ్లలో మొదట అడిగేది హెచ్‌1బీ సంగతి. పిల్లలు అక్కడున్నారు, తప్పేముంది? ఆ కొత్త అధ్యక్షుడి విదేశాంగ, సైనిక విధానాన్ని తొలినెలల్లోనే తూచాలనుకుంటే మాత్రం, కాంగ్రెస్‌ను అడగనక్కర్లేని చోట ఏం చేశారో ముందు చూడండి. అది తరచు లోపలి పేజీలోనే ఉంటుంది.