నల్లమలలో తగవు తీరే తీరు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే యాత్రికులు మన్ననూరు దాటగానే బస్సు కిటికీలోంచి అడవిని చూచి, "అబ్బ, ఎంత అడవి!" అని ఆశ్చర్యపడి మళ్ళీ కునుకు తీస్తారు. నేనూ చాలాసార్లు ఆ పనే చేశాను. ఈసారి మాత్రం అనుమతి తీసుకుని, ఒక మిత్రునితో చెంచుల పెంట చూచివచ్చాను.

పెంట అనగానే మన ఇళ్ళలో ముక్కు చిట్లిస్తారు. నల్లమలలో పెంట అంటే చెంచుల పల్లె. నాలుగు గుడిసెలు, చుట్టూ అడవి. వారి మాతృభాష మన తెలుగే.

ఒక పెద్దాయన వెదురు చీలుస్తున్నాడు. పక్కన కూర్చుని అడిగాను.

"ఇక్కడ తగవులు వస్తే ఎవరు తీరుస్తారు?"

"పెద్దమనిషి చెప్తడు సారూ. వింటే వింటరు."

"వినకపోతే?"

"లేచి ఇంకో పెంటకు పోతరు. కోపం చల్లారినంక వస్తరు."

నాకు నవ్వు వచ్చింది. అంతలోనే, ప్రహరీగోడ కోసం మా అన్నగారితో తొమ్మిదేళ్ళుగా నడుస్తున్న వ్యాజ్యం గుర్తుకువచ్చి నవ్వు ఆగిపోయింది.

పెద్దాయన మాట వట్టిది కాదు. 1940లో ఈ అడవుల్లో చెంచుల మధ్య ఉండి, 1943లో వారిపై గ్రంథం ప్రకటించిన హైమండార్ఫ్ పండితుడూ ఇదే గమనించాడు. చెంచు కుటుంబం భర్త వారి పెంటలోనైనా ఉండవచ్చు, భార్య పుట్టినింటి వారి పెంటలోనైనా ఉండవచ్చు. పెద్దమనిషికి మాటే గాని దండం లేదు. భర్తతో పొసగని స్త్రీ విడిపోయి మరొకరిని పెళ్ళాడవచ్చు.

వియ్యాన్ని వారెంత నమ్ముతారో చూడండి. కొండచరియన తేనె తీయడానికి దిగేవాడి తాడు అతని బావమరిది చేతిలో ఉండాలట. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు ఎవరు పోగొట్టుకుంటారు? అహోబిల నరసింహస్వామి కూడా చెంచులక్ష్మిని చేసుకుని వారికి అల్లుడైనవాడే!

అంతా స్వర్గమని కాదు. జ్వరం వస్తే ఆసుపత్రి దూరం. సారా తాగి కొట్టుకునేవాళ్ళూ ఉన్నారు. 1983లో ఈ అడవి పులుల సంరక్షణ పథకంలో చేరింది. తెలంగాణ వైపు భాగమే నేడు ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం. లోపలి పెంటలవారిని బయటికి తరలించే ప్రయత్నాలు నడుస్తున్నాయి. గ్రామసభ సమ్మతి లేనిదే కదపరాదని 2006 నాటి అటవీహక్కుల చట్టం చెబుతోంది.

"మీరు పోతారా?" అని అడిగాను.

పెద్దాయన కత్తి పక్కన పెట్టాడు. "మనుమడికి బడి దగ్గరైతది, మంచిదే. కాని ఆడ ఇండ్లన్నీ ఒక్క వరుస, గోడకు గోడ. కోపమొస్తే యాడికి పోవాలె సారూ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి రాగానే అన్నగారికి ఉత్తరం వ్రాశాను. గోడ సంగతి అందులో ఎత్తలేదు.