ఆడపిల్ల - విదేశవిద్య



మా యింట జరిగిన యొక సంగతిని దాచక మీకు విన్నవించుచున్నాము. ఇందు తప్పు మాదే.

మా పెద్దవాడు ఇంజనీరింగు ముగించి పైచదువునకు అమెరికా పోయెదననగా, రెండెకరముల మాగాణి అమ్మి పంపితిమి. ఎవ్వరి నాలోచనయు అడుగలేదు. మూడేండ్లకు, ఇంజనీరింగు మూడవయేడు చదువుచున్న మా అమ్మాయి యొక ఉత్తరము తెచ్చి చూపెను. వేసవిలో జర్మనీ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుటకు స్కాలరుషిప్పు దొరకినది. సంతోషించుటకు మారుగా మేము, "అంత దూరము ఒంటరిగానా? వైశాఖమున సంబంధము కుదిరిన నేమి చేతుము?" అంటిమి.

"అన్నయ్య వెళ్లేటప్పుడు ఈ మాట ఎవరూ అడగలేదే అమ్మా!" అని బిడ్డ ఉత్తరము మడచి పుస్తకములో పెట్టుకొనెను.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మరునాడు దగ్గర కూర్చుండబెట్టుకొని వివరము లడిగితిమి. 1925లో ఏర్పడిన జర్మన్ విద్యావినిమయ సంస్థ, 'వైజ్' అను పేర మన దేశపు సైన్సు, ఇంజనీరింగు విద్యార్థులకు ఈ స్కాలరుషిప్పు నిచ్చుచున్నదట. రెండు మూడు మాసములకు బత్తెమును, ప్రయాణమునకు కొంత సొమ్మును, ఆరోగ్య బీమాయును వారే యిత్తురు. అయితే తన్ను చేర్చుకొను ఆచార్యుని విద్యార్థియే వెదకికొనవలెను. మా పిల్ల నలుబదిమందికి వ్రాసెనట. ఒక్కరు మాత్రమే సమ్మతించిరి. ఇంత శ్రమ మా కన్నులయెదుట జరుగుచుండగా మేము గమనింపనైనను లేదు.

ఇట్టి దారులు నేడు పెక్కులు. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ చదువులో విద్యార్థి రెండు మూడు దేశములలో చదివి పట్టము పొందును. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింట బోధనరుసుము లేదు. కాని అచ్చటి యేడాది ఖర్చునకు చాలిన సొమ్ము ముందుగా చూపవలెను. తల్లులు ఈ సంగతులు పిల్లలవద్దనే కూర్చుండి తెలిసికొనదగును. ఆహ్వానపత్రము విశ్వవిద్యాలయమునుండియే వచ్చినదో లేదో విచారింపక మధ్యవర్తులకు రూకలీయరాదు.

అప్పుడు మాకు అయ్యలసోమయాజుల లలితగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆమె పదునెనిమిదవయేట చంటిబిడ్డతో వైధవ్యము పొందిన తెలుగింటి యాడపడుచు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలో ఆచార్యులు. కుమార్తెను అచ్చటనే చేర్పించిరి. ఆమె విద్యుచ్ఛాస్త్రమున ఇంజనీరై, 1964లో న్యూయార్కున జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సభకు వెళ్లిరి. ఆ కాలమున ఆ తండ్రికి లేని సంకోచము నేడు మాకెందులకు?

అమ్మాయిని పంపితిమి. మూడు మాసములును ప్రతిరాత్రి ఫోనుకై యెదురుచూచితిమి. ఆషాఢమున తిరిగివచ్చి, ఇప్పుడు పైచదువునకు తానే దరఖాస్తులు వ్రాసికొనుచున్నది. మాకు భయము పూర్తిగా పోలేదు. కాని కొడుకు నడుగని ప్రశ్నను కూతు నడుగుట మానితిమి. మీ యిండ్లలోను ఇట్టి ఉత్తరము లుండవచ్చును. పిల్ల దానిని మడచి దాచుకొనకముందే చదువుడు.