భీమిలి యొడ్డున మా సరమ

గోస్తనీనది అనంతగిరి కొండలలో బొఱ్ఱాగుహల చెంత పుట్టి, తాటిపూడి జలాశయమును దాటి, భీమునిపట్టణమువద్ద సముద్రములో కలియుచున్నది. విశాఖపట్టణమునుండి తీరము వెంబడి రహదారిని సుమారు 25 కిలోమీటర్లు వచ్చినచో ఈ యూరు తగులును. భీముడు బకాసురుని చంపినది యిచ్చటనేయని యూరివా రందురు. పావురాలకొండమీద బౌద్ధవిహారముల శిథిలములును, దిగువను డచ్చివారి సమాధులును కలవు. 17వ శతాబ్దమునుండి వర్తకమునకై వచ్చిన యా డచ్చివారిలో మరల స్వదేశమును చూడనివారు కొంద రిచ్చటి నేలలోనే నిద్రించుచున్నారు. చూడవచ్చిన సోదరీమణులు దీపస్తంభమును, సమాధులను, కొండమీది నరసింహస్వామిని చూచుకొని, కాల్చిన మొక్కజొన్నపొత్తులు తిని, ప్రొద్దు వాలకమునుపే మరలిపోవుదురు. మేము మాత్రము ఈ యొడ్డును మఱియొక విధముగా నెఱుగుదుము. ఒక కుక్కపిల్ల మూలమున నెఱిగితిమి.

మా వారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. బదిలీమీద ఈ యూరికి వచ్చిన రెండవయేట, ఆశ్వయుజమాసమున, వీధిచివర నాటుకుక్క యీనిన పిల్లలలో నొకదానిని మా చిన్నవాడు చొక్కాలో దాచి తెచ్చెను. దానికి రెండు నెలలు నిండియుండెను. మా వారు దానికి "సరమ" యని పేరు పెట్టిరి. "విభీషణుని యిల్లాలి పేరు కుక్కకు పెట్టుదురట్రా?" యని మా అత్తగా రాక్షేపించిరి. "ఆమె కాదమ్మా, దేవశుని సరమ" యని మా వారు కథ చెప్పిరి. పణులు దాచిన గోవులను వెదకుటకు ఇంద్రుడు సరమను పంపెనట. చెల్లెలివై మాయొద్దనే యుండుమని పణు లెంత బతిమాలినను ఒల్లనిదట. "అంతదూరము పోయియు ఏలినవాని పనిని మఱువని కుక్క యది. మనదియు నట్లే కావలెను" అనిరి. ఆ మాట యంత సులభముగా నెఱవేరునది కాదని మాకప్పుడు తోచలేదు.

పశువైద్యుని యొద్ద టీకాలు పూర్తియగువఱకు దానిని వీధిలో దింపలేదు. పార్వో, డిస్టెంపర్ అను రోగములు పసికూనలను రెండుమూడు దినములలో తీసికొనిపోవునని యాయన హెచ్చరించిరి. ఆ దినములలో సరమ తల్లిని విడువని కోడిపిల్లవలె మా కాళ్ళవెంటనే తిరిగెడిది. వంటయింటినుండి పెరటిలోనికి, పెరటినుండి నూతియొద్దకు, పిలువకమునుపే వచ్చెడిది. నాలుగు నెలలలోపు కూనలకిది సహజము. దానిని చూచి మన శిక్షణము ఫలించినదని మురియుట పొరపాటు. మేమట్లే మురిసితిమి. అయిదారు నెలలు వచ్చుసరికి దానికి లోకపు వాసన తగులును. అప్పుడు మన గొంతు వేయి వాసనలలో నొకటి యగును.

ఒక మాట. తెలుగు పండితుల యింటిలో కూడ కుక్కతో ఆంగ్లమే మాటలాడవలెనని యెవరు విధించిరో తెలియదు. మా వారు తరగతిలో ఒక్క యాంగ్లపదమును సహింపరు. సరమతో మాత్రము "కమ్, సిట్" అనుచుండిరి. మేము నవ్వితిమి కాని కాదనలేదు.

జనవరి నెలలో దానిని ఒడ్డునకు తీసికొనిపోవ నారంభించితిమి. తెల్లవారకమునుపే పోవలెను. ఎండయెక్కిన యిసుక కుక్కల అరికాళ్ళను కాల్చును. అఱచేతి వెనుకభాగము కొంతసేపు దానిపై ఆనింపలేనిచో కుక్కను దానిపై నడిపింపరాదు. ఇంటినుండి నీళ్ళును వెంట తీసికొనిపోవలెను. దప్పికగొన్న కూన సముద్రపు నీటిని త్రాగి వాంతులు చేసికొనును. గోస్తని సముద్రమును చేరుచోట ఇసుకతిన్నె యొకటి కలదు. ఒకవైపు నది, ఒకవైపు కడలి. మోటారుబండ్ల భయము లేదు. అచ్చట మెడపట్టీకి తగిలించిన గొలుసును విప్పితిమి. వారము దినములు ముచ్చటగా గడచినవి. అది పరుగెత్తును, ఎండ్రకాయల కన్నములలో ముక్కు దూర్చును, "కమ్" అనగానే వచ్చును. ప్రతిసారియు వచ్చినదానిని గొలుసుతో కట్టి ఇంటికి తెచ్చితిమి. పిలుపు వినబడినచో ఆట ముగిసినదని దానికి మేమే నేర్పుచుంటిమని తెలిసికొనలేదు.

ఆ నెల చివర ఒకనాటి వేకువను జాలరులు అలివివల లాగుచుండిరి. వెండిరంగు చేపలు, కాకులు, కేకలు. సరమ చెవులు నిక్కించి, అటు చూచి, ఇటు చూచి, పరుగు తీసినది. మేము పిలిచితిమి. మా వారు పిలిచిరి. పదిసార్లు పిలిచిరి. ఒక్కసారి పిలిచి రానిదానిని పదిసార్లు పిలిచినచో ఆ పిలుపు గాలిచప్పుడు వంటిదగును. అప్పు డాయన వెంటబడిరి. వెంటబడుట యన్న కుక్కకు ఆట. అది మఱింత దూరము పోయినది. వలను దాటి, తెప్పలను దాటి, ఒకచోట ఆగి యిసుక త్రవ్వనారంభించినది.

అచ్చట ఇసుకమీద నీటియొడ్డునుండి పైకి వచ్చి, మరల నీటిలోనికి పోయిన వింతచాలు కనబడినది. ఇరువైపుల తెడ్లతో ఒకటి తర్వాత ఒకటిగా గీచినట్లుండెను. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రి వచ్చి గ్రుడ్లు పెట్టి పోయిన జాడ యది. చలికాలమున ఈ తాబేళ్ళు మన తూర్పుతీరమున గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. ఒక్కొక్కటి నూటికి అటునిటుగా గ్రుడ్లను ఇసుకలో సుమారు అడుగున్నర లోతున పూడ్చి, వెనుదిరిగి చూడక పోవును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనిని రక్షించుచున్నది. కాని కుక్కలకు చట్టము తెలియదు. గ్రుడ్ల వాసన తెలియును. గూళ్ళను కాచువా డొకడు పరుగున వచ్చి సరమను అదలించెను. అది జానెడు లోతు మాత్రమే త్రవ్వియుండెను. "ఇంకో నిమిషముంటే అన్నీ పోయేవమ్మా" అనుచు అతడు చేతులతో మెల్లగా ఇసుక తీసి గ్రుడ్లను లెక్కించి బుట్టలో పెట్టెను. 111. వానిని తీరమున కట్టిన కంచెలోనికి కొనిపోయి మరల పూడ్చునట. ఆ తెల్లని గుండ్రని గ్రుడ్లను చూచినప్పుడు మా చేతులు వణకినవి.

ఇంతలో సరమ తనంతట తానే, తోక యాడించుచు, మా వారి కాళ్ళయొద్దకు వచ్చినది. ఆయన చెప్పు తీసి దానిని కొట్టిరి.

వల లాగుచున్న పెద్దావిడ యొకతె తాడు విడువకయే "పిలిసి కొడతారేటండి మేష్టారూ? రేపు మల్లా వస్తాదేటి అది?" అని యడిగెను. ఆయన మాటలాడలేదు. దారిపొడవునను మేమును మాటలాడలేదు. ఆ రాత్రి భోజనములైన పిమ్మట ఆదిపర్వము తీసి, ప్రథమాశ్వాసమున జనమేజయుని తమ్ములు తప్పెఱుగని సారమేయుని కొట్టిన ఘట్టమును, సరమ రాజునొద్దకు వచ్చి చెప్పిన మాటలను మా అత్తగారికి చదివి వినిపించితిమి. ప్రక్కగదిలో మా వారు వ్యాసపుస్తకములు దిద్దుచుండిరి. కలము చప్పుడు ఆగినది. పాఠశాలలో బెత్తమును 2009 నాటి విద్యాహక్కు చట్టము మాన్పించినది. ఇంటిలో చెప్పును మాన్పించుటకు చట్ట మొక్కటియే చాలదు.

పెద్దావిడ చెప్పినట్లే యైనది. మఱునాటినుండి "కమ్" అనినచో సరమ వచ్చెడిది. పది యడుగుల దూరమున నిలిచిపోయెడిది. తోక కాళ్ళనడుమ ముడిచి, మా చేతులవంక కాక మా వారి పాదములవంక చూచెడిది. ఆ మాట చెడిపోయినది. చెడిన మాటను బాగుచేయుటకంటె క్రొత్తమాట నేర్పుట తేలికయని మాకు తోచినది. బిడ్డలను, లేగలను మనము పిలుచు "దా" యను మాటను తీసికొంటిమి.

మొదటినుండి మొదలు పెట్టితిమి. ఉడికించిన గ్రుడ్డును చిన్న చిన్న ముక్కలుగా కోసి, వంటయింటిలో రెండడుగుల దూరమునుండి "దా" యని యొక్కసారి యనుట, రాగానే పెట్టుట. పిదప నడవ, పెరడు, ఎవరును లేని వేళ వీధి. వచ్చునని నమ్మకము లేనిచోట నోరు విప్పమైతిమి. రాక జంకినచో దానివైపు పోక, వెనుకకు తిరిగి పరుగెత్తి చతికిలబడెడివారము. ఎట్టి కుక్కపిల్లయైనను పోవుచున్నవారి వెంట వచ్చును. మా అత్తగారు ఈ పరుగులను చూచి కన్నీళ్ళు వచ్చునట్లు నవ్విరి. వచ్చినప్పు డొక్క ముక్క కాక నాలుగైదు ముక్కలు వరుసగా పెట్టి, మెడపట్టీ ముట్టుకొని, మరల ఆడుకొమ్మని విడిచిపెట్టెడివారము. పదిసార్లు పిలిచిన తొమ్మిదిసార్లు విడువవలెను. ఇంటికి పోవుట పదవసారి మాత్రమే.

ఒడ్డున నిక విప్పి విడువలేదు. ముప్పది యడుగుల నూలుత్రాటిని మెడకు కాక రొమ్ముపట్టీకి కట్టి, కొన వదలి, ఇసుకమీద ఈడ్చుకొని పోనిచ్చితిమి. మెడకు కట్టిన పొడుగుత్రాడు పరుగులో బిగిసినచో కూనకు ప్రాణాంతకము కావచ్చును. పోబోవుచున్నదని తోచినప్పుడు త్రాటిని కాలితో త్రొక్కినచో చాలును, కేక వేయనక్కఱలేదు.

మార్చి రెండవవారమున ఒక వేకువ. ఆనాడు జాలరులు లేరు. నీరు వెనుకకు పోయి యిసుక అద్దమువలె నుండెను. మా వారును వచ్చిరి. కొంతదూరమున ఒక తెప్పప్రక్క కూర్చుండిరి. సరమ ముక్కు నేలకు వంచి పోవుచు పోవుచు నిలిచినది. మేము అచ్చటికి చూచితిమి: తెడ్లతో గీచినట్టి చాలు. త్రాటికొన మాకు ఏబది యడుగుల దూరమున నుండెను. త్రొక్కుటకు వీలులేదు. ముందరికాలు ఇసుకమీద పెట్టినది.

"దా!"

అది తల యెత్తినది. ఇసుకను చూచినది, మమ్ము చూచినది. ఎంతసేపో తెలియదు. పిమ్మట వెనుదిరిగి చెవులు వెనుకకు వాల్చి పరుగున వచ్చినది. దారిలో మా వారి ప్రక్కగా పోవుచు ఒక్కక్షణ మాగి, ఆయన చెప్పులను వాసన చూచి, దూరముగా చుట్టుకొని మాయొద్దకు వచ్చినది. చేతిలోనున్న గ్రుడ్డంతయు దానికే పెట్టితిమి. గూళ్ళు కాచువానికి మా చిన్నవాడు కబురు తీసికొనిపోయెను.

తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు నెలలలో త్రాడు లేక విడువరాదని నిశ్చయించుకొంటిమి. ఒక్క వేకువ వచ్చినంత మాత్రమున ప్రతి వేకువయు వచ్చునని చెప్పలేము. ఎండకాలము దాటినపిమ్మట నదివైపు తిన్నెమీద విప్పి చూతుము. మా వారును "కమ్" అనుట మానినారు. ఆయన "దా" యనినచో అది యిప్పటికిని మూడడుగుల దూరమున నొకసారి ఆగి మఱి వచ్చును. ఆయన ఒడ్డునకు వట్టి కాళ్ళతో వచ్చుచున్నారు.