ఆటలో ఓటమి – అభ్యాసము

కత్తి ద్రిప్పి యసురులను గూల్చు వీడియో ఆటలు మగపిల్లల సొత్తని పలువురు తలంతురు. 2020వ సంవత్సరమున పుణె నగరమందలి నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ వెలువరించిన 'రాజీ' యను ఆటయందు నాయిక యొక బాలిక. అసురులు చెఱగొనిన తమ్ముని విడిపించుటకై, దుర్గాదేవి యనుగ్రహించిన త్రిశూలము బూని యామె పోరును.

శబరీతీరమున నున్న యీ చింతూరులో, ఇంటిపనులు ముగిసిన పిదప మేమును ఆ యాట నాడుచుందుము. మొదట నొక రాతియంగణమున అసురులు మమ్ము చుట్టుముట్టి పదేపదే కూల్చిరి. వదలిపెట్టుదమని తోచినది, గాని మా యింటికి చదువుకొన వచ్చు బాలికలకు నిత్యము చెప్పు ఓర్పు మాకే లేకున్న నెట్లు?

మీటలు గబగబ నొక్కిన గెలుపు రాదు. ప్రతి యసురుడును దెబ్బకు ముందొక గుర్తు చూపును: చేయెత్తును, వెనుకకు వంగును. అప్పుడు ప్రక్కకు దూకి, వాడు తేరుకొనులోపల రెండు వ్రేటులు వేసి తొలగవలెను; మూడవదానికి ఆశపడరాదు. ఓడినప్పుడెల్ల, మరుమాటు గెలుపు నాశింపక, ఒక్క శత్రువు గుర్తునే నేర్చుకొనవలెను.

భారతమున నర్జునుడు, గాలికి దీపమారినను చేయి నోటికే పోవుట గమనించి, చీకటిలో విలువిద్య నభ్యసించెను గదా! వ్రేళ్ళకు మీటలట్లు అలవడినచో కన్ను శత్రువుపై నిలుచును. ఆట కష్టమును తగ్గించుకొనుటయు సిగ్గు గాదు. 2001లో జపానుదేశపు కాప్‌కామ్ సంస్థ వెలువరించిన 'డెవిల్ మే క్రై'లోనే పలుమారు మడిసినవారికి సులభమార్గ మొసగబడెను.

ఆ యంగణమును మేమిప్పుడు దాటితిమి. లెక్క రాలేదని పుస్తకము మూయు బాలికకు "ఒక్క మెట్టే చూడుమమ్మా" యని చెప్పునపుడు మా మాటకు బలమున్నది.