ఓడదొంగలూ, అభయ శాసనమూ

మా మనుమనికి తొమ్మిదేండ్లు. 2024 డిసెంబరులో వాని పాఠశాలలో విచిత్ర వేషధారణ పోటీ పెట్టినారు. తోటి పిల్లలు నెహ్రూగారు, ఝాన్సీ లక్ష్మీబాయి, సైనికుడు అని పేర్లిచ్చుకొనగా వీడు మాత్రం ‘పైరేటు’ అని ఇచ్చి వచ్చినాడు. ఒక కంటికి నల్లగుడ్డ గంత, అట్టతో కోసిన కత్తి, భుజము మీద గుడ్డచిలుక. ఇంటిల్లిపాదికీ నవ్వు వచ్చినది. నవ్వనివారు ఇద్దరే. ఒకరు మా అక్కగారు. రెండవవాడు ఆమె కుమారుడు, మా మేనల్లుడు.

మేము ఉండునది హథ్‌ఖోజ్. భిలాయిని ఎరిగిన పాఠకులకు ఆ ప్రాంతమును గూర్చి చెప్పనక్కరలేదు. షెడ్లు, లారీలు, ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు. సముద్రము చూడవలెనన్న రాయగడ, విజయనగరముల మీదుగా ఐదు వందల కిలోమీటర్లకు పైగా రైలులో పోయి విశాఖలో దిగవలెను. విశాఖ రేవున దిగిన విదేశపు బొగ్గు మన కొలుములలో మండుచున్నదని తెలిసియు, ఆ బొగ్గును మోసికొని వచ్చిన ఓడలో మనుష్యులుందురని మేము ఏనాడును తలపోయలేదు. మా మేనల్లుడు ఇక్కడి ఒక షెడ్డులో ఫాబ్రికేషను పని చేయుచున్నాడు. పుట్టినది కళింగపట్నములో. నడక రాకముందే అలల హోరు విన్నవాడు సముద్రమునకు ఇంత ఎడముగా వచ్చి ఎందుకు స్థిరపడినాడని అడిగినవారికి “ఇక్కడ పని బాగున్నది” అని చెప్పును. అసలు కారణము వేరు.

అతడు సరకు ఓడలో ఫిట్టరుగా ఉండెడివాడు. 2010లో ఆ ఓడను ఏడెన్ సింధుశాఖ దగ్గర సోమాలీ దొంగలు పట్టుకొన్నారు. ఆ ఒక్క సంవత్సరములో ప్రపంచము మొత్తము మీద 1,181 మంది నావికులు బందీలైనారని అంతర్జాతీయ మారిటైం బ్యూరో లెక్క. అందులో మావాడొకడు. ఎనిమిది నెలలు. నెలకు ఒకటి రెండు మార్లు శాటిలైటు ఫోను చేతికిచ్చి, ఏడ్చుచు మాట్లాడుమని చెప్పెడివారట. ఓడ యజమానుల తరఫువారు “బేరము నడుచుచున్నది” అనుట తప్ప మరొక మాట చెప్పలేదు. మా అక్కగారు ఆ ఎనిమిది నెలలు ఫోనును చెంగున ముడివేసికొని తిరిగినది. స్నానమునకు పోయినను తలుపు కడ ఒకరిని కూర్చుండబెట్టెడిది. మావాడు అదృష్టవంతుడనియే చెప్పవలెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పట్టుబడిన ‘ఆస్ఫాల్ట్ వెంచర్’ అను ఓడలోని పదునైదుగురును భారతీయులే. 2011 ఏప్రిల్‌లో సొమ్ము ముట్టిన తరువాత కూడ ఓడను, ఎనిమిది మందిని వదలి, ఏడుగురిని దొంగలు అట్టిపెట్టుకొన్నారు. మన నౌకాదళము చెరబట్టిన తమవారిని విడిపించుకొనుటకట! ఆ ఏడుగురికి విముక్తి 2014 అక్టోబరులో గాని కలుగలేదు.

ఆ గుడ్డ గంతను చూచి మా అక్కగారు ఏమియు అనక వంటయింటిలోనికి పోయినది. మేము వెంట పోయి “అప్పా, పసివాడి ఆట, పోనిద్దూ” అన్నాము. “ఆటేలే” అన్నది, వెనుదిరిగి చూడకుండ.

ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. ఈ వేషము మన ఇండ్లలోనికి ఎట్లు వచ్చినదని యోచించితిమి. ఒంటికాలు, భుజముపై చిలుక, గుప్తధనపు పటము అన్నవి 1883లో పుస్తకముగా వెలువడిన స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలాండ్’ నవలతో లోకమున పాతుకొన్నవి. ఆ కథను 1950లో చలనచిత్రముగా తీసినపుడు రాబర్ట్ న్యూటన్ అను నటుడు తన ఊరివైపు యాసతో పలికిన పలుకే ఆ తరువాత ఓడదొంగలందరి పలుకైనది. కపాలము గల జెండా మాత్రము కల్పన కాదు, ఉండినదే. మొత్తము మీద, చచ్చి రెండు మూడు వందల ఏండ్లయిన దొంగ పిల్లలకు ముద్దు వచ్చును.

మన భాషలో ‘పైరసీ’ యనగా సముద్రము కాక సినిమా క్యాసెట్టు జ్ఞాపకము వచ్చును. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఎనుబదవ దశకములో భిలాయిలోని తెలుగు కుటుంబములవారము చందాలు వేసికొని వీసీఆర్ అద్దెకు తెచ్చి, శనివారము రాత్రి మూడేసి సినిమాలు చూచెడివారము. బొమ్మ వణకుచుండెడిది, నడుమ ఎవరో హాలులో లేచి నడిచిన నీడ కూడ కనబడెడిది. అది దొంగసరకని అందరికిని తెలియును. అయినను మాకొక న్యాయముండెడిది. తెలుగు సినిమా ఇంత దూరము రాదు గదా, మేమేమి చేయుదుము? అని.

చరిత్ర పుటలు తిరుగవేసిన కొలది ఇటువంటి ‘న్యాయము’ లేని దొంగ మాకు కనబడలేదు. పదమూడవ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన మార్కో పోలో పడమటి తీరపు దొంగలను గూర్చి వ్రాసినాడు. ఏటేట నూరు ఓడలకు పైగా, ఆలుబిడ్డలతో సహా బయలుదేరి, వేసవి యంతయు సముద్రము మీదనే ఉండెడివారట. ఐదారు మైళ్ళ కొక ఓడ చొప్పున వరుసగా నిలిచి, వర్తకుని ఓడ కనబడగనే నిప్పుతోనో పొగతోనో సైగ చేసికొనెడివారట. అంతకన్న మాకు విచిత్రముగా తోచినది, ఏలీ రాజ్యమును గూర్చి ఆయన చెప్పిన మాట. వేరొక రేవునకు పోవలసిన ఓడ దారి తప్పి అచటికి వచ్చినచో, దేవుడే మిమ్ము మా కొరకు పంపినాడని సరకంతయు తీసికొనెడివారట. ఇంగ్లండులో దేవునికి బదులు రాణి. స్పెయిను ఓడలను దోచిన డ్రేక్‌ను 1581లో ఆమె సర్ బిరుదముతో సత్కరించినది. ఇక మావాని ఓడను పట్టినవారు తమను సముద్ర రక్షకులమని చెప్పుకొనెడివారు. 1991లో వారి ప్రభుత్వము కూలిన పిమ్మట పరదేశపు పడవలు తమ చేపలను ఊడ్చుకొని పోయినవని వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదు అబద్ధము కాదు. కాని ఫిట్టరు పని చేసికొను కళింగపట్నము కుర్రవాడు వారి చేప నొకదానినైనను తినలేదు.

పేరు పెట్టువారిని బట్టి కూడ దొంగ మారును. ఆంగ్లేయులు దొంగ యన్న కాన్హోజీ ఆంగ్రే మరాఠా నౌకాధిపతి. నేడు ముంబయిలోని మన నౌకాదళ స్థావరమునకు ఆయన పేరు.

మరి తెలుగు తీరము మాట? మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో, సముద్రపుటొడ్డున నున్న ఊరు. అచటి వీరభద్రాలయములో కాకతీయ గణపతిదేవుని శిలా శాసనమున్నది. శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244–45. చరిత్రకారులు దానిని అభయ శాసనమందురు. అందలి విషయమును మా మాటలలో చెప్పుచున్నాము. ఒక దేశము నుండి మరియొక దేశమునకు పోవు ఓడ గాలివానకు దెబ్బతిని, పగిలి, దరికి కొట్టుకొని వచ్చినచో, దానిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును పూర్వపు రాజులు బలవంతముగా హరించెడివారు. ప్రాణముకన్న ధనమే ఎక్కువని యెంచి సముద్రమునకు తెగించి వచ్చువారి యెడల దయతో, కీర్తిని ధర్మమును కోరి, మేము క్లుప్తమైన శుల్కము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నాము. ఎగుమతి దిగుమతుల మీద ఆ శుల్కము ముప్పదింట ఒక వంతు. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియము మొదలగు సరకుల పేర్లన్నియు రాతి మీద చెక్కబడినవి. రాగి, సీసము కూడ ఉన్నవని చూచి లోహపువారమగు మాకు సంతోషము కలిగినది.

అనగా ఓడదొంగ సముద్రము మీదనే ఉండునని మేమనుకొన్నది పొరపాటు. ఒడ్డున సింహాసనము మీదను ఉండెను. దిక్కులేక దరి చేరినవాని సొమ్ము రాజుదే యనుట ఆ కాలపు న్యాయము. రాజు స్వయముగా, తన వంటివారి పేరు దొంగల పద్దులో చేర్చి, ఇక నేను తీయనని రాతి మీద వ్రాయించుట మా ఎరుకలో అరుదు. దయ యొక్కటే కారణమని మేమనము. వర్తకుడు నమ్మి వచ్చినగాని గుఱ్ఱములు రావు, శుల్కము రాదు. అయినను కాగితము మీద కాక, రేవున దిగువారి కంటబడునట్లు రాతి మీద పెట్టినాడు గదా. ఆయన కుమార్తె రుద్రమదేవి కాలమున మార్కో పోలో ఆ రేవును ‘ముత్ఫిలి’ యని పేర్కొన్నాడు.

మరునాడు సాయంకాలము ఇదంతయు మనుమనికి చెప్పి, గణపతిదేవుని వేషము వేయరాదా యని అడిగినాము. “ఆయన చేతిలో ఏముంటుంది తాతయ్యా?” అన్నాడు. శాసనమన్నాము. “కత్తి లేదా?” అని మా ముఖము చూచి, పోయి అట్ట కత్తికి వెండిరంగు పూసికొనసాగినాడు.

మేనల్లుడు గుమ్మమున కూర్చుండి అంతయు వినుచున్నాడు. “ఆ రాజు మాటను తరువాతివాళ్ళు నిలబెట్టినారా మావయ్యా?” అన్నాడు. 1358లో కొండవీటి అనపోత రెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయ శాసనము ఇచ్చినాడన్నాము. “మళ్ళీ ఇవ్వవలసి వచ్చినదన్నమాట” అని నవ్వినాడు. ఆ వేషము వచ్చిన తరువాత అతడు నవ్వుట అదే మొదలు.

పోటీ నాటి ఉదయము గంత నిలువక మాటిమాటికి జారిపోవుచుండెను. కోడలు రెండు మార్లు కట్టినది, మేమొక మారు కట్టినాము. మేనల్లుడు షెడ్డుకు పోవుచు ఆగి, “వాళ్ళకు గంతలుండవురా. మనలాగే లుంగీలు, రబ్బరు చెప్పులు” అన్నాడు. వీడు నమ్మలేదు. అతడు మరేమియు అనక మోకాళ్ళ మీద కూర్చుండి, ఆ దారమును రెండు చుట్లు త్రిప్పి, ఓడలో నేర్చిన ముడి యొకటి వేసినాడు. వంటయింటి తలుపు కడ నిలిచి మా అక్కగారు చూచుచుండినది.

వీనికి బహుమతి రాలేదు. ఝాన్సీ లక్ష్మీబాయికి వచ్చినది. ఆ ముడిని విప్పుట ఉపాధ్యాయురాలికి చేత కాలేదట. మధ్యాహ్నమంతయు ఒంటికంటితోనే లెక్కలు చేసి ఇంటికి వచ్చినాడు. కత్తెర తెచ్చి దారము కోసినది మా అక్కగారే.